యూదులు లేని ఊళ్లో యూదుల మీద ద్వేషం: విశాఖలోని ఒక కాలేజీ కేసు

ఈ కేసు విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీది. కాలేజీ పేరుగానీ పిల్లల పేర్లుగానీ రాయడం లేదు. విద్యార్థుల మధ్య కులం మీదో మతం మీదో గొడవ వచ్చి ముదిరితే కాలేజీలు నన్ను పిలుస్తాయి. రెండు వైపులవాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించడం, తర్వాత కొన్ని నెలలపాటు వాళ్లతో పనిచేయడం నా వృత్తి. 2023 చివర్లో ఈ కాలేజీ హాస్టల్లో కొట్టుకునేదాకా వెళ్లిన గొడవ జరిగింది. ఒకవైపు గాజా ఫొటోలు స్టేటస్ పెట్టుకున్న ముస్లిం కుర్రాళ్లు, ఇంకోవైపు ఇజ్రాయెల్ జెండా డీపీ పెట్టుకున్న హిందూ కుర్రాళ్లు. ప్రిన్సిపాల్‌గారికి ఇది ఎప్పుడూ ఉండే హిందూ ముస్లిం గొడవే. "రెండు గంటలు కౌన్సెలింగ్ ఇచ్చెయ్యండి మేడమ్, సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి" అన్నారు.

కూర్చున్నాక అందరి ఫోన్లూ బయటికి తీయించాను. ఈ విషయం మీద ఈ మధ్య ఫార్వర్డ్ చేసినవి, స్టేటస్ పెట్టినవి ఎవరివి వాళ్లే చదివి వినిపించాలన్నాను. కేసు అక్కడే మారిపోయింది. గాజా పిల్లల గురించి చెబుతూ ఏడ్చేసిన కుర్రాడి ఫోన్లో గాజాతో ఏ సంబంధమూ లేని మెసేజ్ ఒకటి ఉంది: ప్రపంచంలోని బ్యాంకులన్నీ ఒకే యూదు కుటుంబం గుప్పిట్లో ఉన్నాయట, కరోనాను పుట్టించింది కూడా వాళ్లేనట. ఇజ్రాయెల్ జెండా పెట్టుకున్న కుర్రాడి పాత స్టేటస్‌లో హిట్లర్ బొమ్మ, దాని కింద నాయకత్వం గురించి ఏదో కొటేషన్. జెండా, హిట్లర్, రెండూ ఒకే ఫోన్లో. ఏ పక్షానా లేకుండా సాక్షిగా వచ్చిన క్రైస్తవ అమ్మాయి మెల్లగా "అయినా వాళ్లు యేసుప్రభువుని చంపించినవాళ్లు కదా మేడమ్, ఆ శాపం ఊరికే పోద్దా" అంది.

ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ జీవితంలో ఒక్క యూదుణ్ని చూడలేదు. ఒకరి మీద ఒకరికి కోపంగా ఉన్న మూడు గుంపులకు కలిసిన విషయం అదొక్కటే.

ఇది రెండు గంటల్లో తేలే పని కాదని చెప్పాను. స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ లెక్చరర్‌గారు సూటిగా అడిగారు: "ఊళ్లో ఒక్క యూదుడు లేడు. లేని రోగానికి మందేంటమ్మా?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఆ రోజూ ఇదే, ఇప్పుడూ ఇదే. 2008 నవంబరులో ముంబయి నారీమన్ హౌస్‌లోకి చొరబడి, అక్కడి యూదు కేంద్రం నడిపే రబ్బీని (యూదు మతగురువును), గర్భవతి అయిన ఆయన భార్యను చంపినవాళ్లకు ఆ ఇద్దరూ ఎవరో తెలియదు. వాళ్ల గురించి ముందే నూరిపోసిన మాటలు మాత్రం తెలుసు. కంటికి కనిపించని మనిషి గురించి ఏది చెప్పినా నమ్మించవచ్చు. అలా నమ్మడం అలవాటైతే, రేపు ఆ కథలో యూదుడి పేరు తీసేసి పక్కవీధివాడి పేరు పెట్టడం ఎంతసేపు?

పెట్టుకున్న షరతు

విశాఖలో సర్వమత సమావేశం పెట్టడం చాలా తేలిక. వన్‌టౌన్‌లో హార్బర్ పక్కన మూడు కొండలు వరసగా ఉన్నాయి. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, ఒక కొండ మీద ఇస్హాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. పిల్లల్ని మూడు కొండలూ ఎక్కించి, ముగ్గురు పెద్దల చేత జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, అన్ని మతాల సారం ఒకటేనని చెప్పించి, ఫొటో పేపర్‌కి పంపొచ్చు. అలాంటి సభలు చాలా చూశాను. చెడ్డవి కావు. కానీ అక్కడ ప్రతివాళ్లూ తమ మతంలోని మంచినే చెబుతారు కాబట్టి, ద్వేషం ఏ గుమ్మంలోంచి లోపలికి వచ్చిందో ఎవరూ చూడరు. సభ అయ్యాక ఫోన్లో ఉన్న మెసేజ్ ఫోన్లోనే ఉంటుంది.

అందుకని పిలిచిన పెద్దలకు ముందే ఒక షరతు చెప్పాను. యూదుల విషయంలో మన ఇంట్లో జరిగిన తప్పేమిటో మనమే చెప్పాలి. పక్కింటి తప్పు ఎత్తకూడదు. దానికి ఒప్పుకున్నవాళ్లు నలుగురు: ఒక లూథరన్ పాస్టరుగారు, ఒక కాథలిక్ ఫాదర్, వన్‌టౌన్ నుంచి ఒక మౌల్వీ సాబ్, హిందువుల వైపు నుంచి రిటైరైన ఒక చరిత్ర లెక్చరర్‌గారు. పాస్టరుగారు మొదట ఒప్పుకోలేదు. "మా విశ్వాసులు నొచ్చుకుంటారు" అన్నారు. మౌల్వీ సాబ్ వెంటనే సరేనన్నారు గానీ ఆయనా ఒక షరతు పెట్టారు: గాజాలో చనిపోతున్నవాళ్ల గురించి మాట్లాడొద్దని పిల్లలకు ఎవరూ చెప్పకూడదు. ఆ షరతు సబబైనదే, నేనే పెట్టాల్సినది.

థర్మోకోల్ ముక్కు

అన్నిటికన్నా లోతుకు వెళ్లిన పని చర్చి వైపు జరిగింది. శాపం గురించి అన్న అమ్మాయి గాజువాక వైపు ఒక సంఘంలో సండే స్కూల్ పిల్లలకు గుడ్ ఫ్రైడే నాటిక వేయిస్తుంది. ముందు ఏడాది నాటిక వీడియో మాకు చూపించింది. బాగా వేశారు పిల్లలు. యేసు, పన్నెండుమంది శిష్యులు, మరియమ్మ తెల్లబట్టల్లో ఉన్నారు. ప్రధాన యాజకుడు, పరిసయ్యులు అనే యూదు మతపెద్దలు నల్లబట్టల్లో ఉన్నారు. ఆ నల్లబట్టలవాళ్ల ముఖాల మీద థర్మోకోల్‌తో చెక్కి, రంగేసి, ఎలాస్టిక్ దారంతో కట్టిన పెద్ద వంకర ముక్కులు. చేతుల్లో డబ్బు సంచులు.

ఫాదర్ వీడియో ఆపించి ఆ అమ్మాయిని అడిగారు: "ఈ ముక్కు ఎక్కడిదమ్మా?" ఫోన్లో యూదుల బొమ్మల కోసం వెతికితే వచ్చిందట. ఆ బొమ్మనే ప్రింట్ తీసి, పిల్లల చేత చెక్కించింది. ఆయన ఇంకేమీ అనకుండా నాజీ పత్రిక ‘డేర్ ష్టూర్మర్’ వేసిన కార్టూన్ ఒకటి ల్యాప్‌టాప్‌లో పక్కన పెట్టి చూపించారు. అదే ముక్కు, అదే సంచి. ఐరోపాలో వందల ఏళ్లుగా గీస్తూ వచ్చిన బొమ్మ అది. గాజువాక సండే స్కూల్లో పదేళ్ల పిల్లాడి ముఖం మీదికి చేరింది.

తర్వాతి ప్రశ్న ఆ అమ్మాయే వేసింది, మేము వేయలేదు. "ఫాదర్, పేతురు కూడా యూదుడే కదా? మరియమ్మా యూదురాలే కదా? మరి వాళ్లకెందుకు పెట్టలేదు ముక్కు?" కాసేపాగి, "యేసయ్యకి కూడా" అంది.

ఫాదర్ 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ వెలువరించిన ప్రకటన గురించి చెప్పారు. క్రీస్తు మరణానికి ఆనాటి యూదులందర్నీ కలిపిగానీ, ఈనాటి యూదులనుగానీ నిందించకూడదని చర్చి అందులో స్పష్టంగా చెప్పింది. సిలువ వేయడం రోమన్ల శిక్ష, తీర్పు ఇచ్చినవాడు రోమన్ గవర్నరు పిలాతు. ఇవన్నీ సువార్తల్లో ఉన్నవే. అయినా గుడ్ ఫ్రైడే ప్రసంగాలు విన్న జనం యూదుల వీధుల మీద పడి కొట్టిన రోజులు ఐరోపా చరిత్రలో చాలా ఉన్నాయి.

మా వాళ్లు నొచ్చుకుంటారని అన్న పాస్టరుగారు అప్పుడు లేచారు. 1543లో మార్టిన్ లూథర్ యూదుల మీద ఒక పుస్తకం రాశాడని, వాళ్ల ప్రార్థనామందిరాలు తగలబెట్టమని, ఇళ్లు కూల్చమని అందులో రాశాడని, నాజీలు దాన్ని వాడుకున్నారని చెప్పారు. "నేను లూథర్ పేరు పెట్టుకున్న సంఘంలో పుట్టాను. 1842లో గుంటూరు వచ్చిన హెయర్‌గారి వల్ల మా తాతలు చదువుకున్నారు. ఆ మిషనరీలను పంపిన అమెరికా లూథరన్ల వారసులే 1994లో లూథర్ రాసిన ఆ మాటలను తిరస్కరిస్తున్నామని ప్రకటించారు. మా సంఘంలో నేను ఇంతవరకు ఈ మాట చెప్పలేదు. ఈసారి చెబుతాను." చెప్పారు కూడా. ఆయన సంఘంలో ఒక పెద్దాయన ఇప్పటికీ ఆయనతో ఆ విషయం మాట్లాడటం లేదు.

ఇదే మాట నేను చెప్పి ఉంటే, లేదా మౌల్వీ సాబ్ చెప్పి ఉంటే ఆ అమ్మాయి చెవులు మూసుకునేది. తన అయ్యగారు చెప్పారు కాబట్టి విన్నది. ఈ కేసు నుంచి వేరే ఊళ్లలో పనిచేసేవాళ్లు ఒక్కటి తీసుకోవాలంటే నేనిదే తీసుకోమంటాను.

గాజా బాధ

ముస్లిం పిల్లలతో కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్నే గట్టిగా వచ్చింది. "గాజాలో చిన్నపిల్లలు చచ్చిపోతుంటే బాధపడటం ద్వేషమా మేడమ్?" కాదు. ఒక ప్రభుత్వాన్ని, సైన్యాన్ని, యుద్ధాన్ని ఎంత తీవ్రంగానైనా విమర్శించవచ్చు. ఆ పని ఇజ్రాయెల్‌లోనే ఎందరో యూదులు వీధుల్లోకి వచ్చి చేస్తున్నారు. 2023 అక్టోబరు 7న హమాస్ ఇళ్లల్లో దూరి చంపినవాళ్ల కోసం ఏడ్చే హృదయం, గాజా పిల్లల కోసం ఏడ్చే హృదయం వేరువేరుగా ఉండక్కర్లేదు. గీత దాటేది ఎక్కడంటే, ఆ ప్రభుత్వం చేసినదానికి ప్రపంచంలో యూదుడిగా పుట్టిన ప్రతివాడూ బాధ్యుడే అన్నప్పుడు. బ్యాంకులు, కరోనా అంటూ పాత కథలు ఎత్తుకున్నప్పుడు.

మౌల్వీ సాబ్ చెప్పింది, ప్రవక్త మాటలు, పనులు రాసిపెట్టిన బుఖారీ హదీసుల్లో ఉన్న సంగతి. ఒక శవయాత్ర వెళ్తుంటే ప్రవక్త లేచి నిలబడ్డారు. అది యూదుడి శవమని పక్కవాళ్లు చెప్పారు. "అది కూడా ఒక ప్రాణం కాదా?" అని ఆయన అడిగారు. ప్రవక్త మదీనా ఊరివాళ్లతో చేసుకున్న ఒప్పందంలో యూదు తెగలను విశ్వాసులతో కలిపి ఒకే సముదాయంగా చెప్పి, ఎవరి మతం వాళ్లదేనని రాసుకున్నారని కూడా చెప్పారు. ఒక కుర్రాడు ఊరుకోలేదు: "తర్వాత యుద్ధాలు జరిగాయి కదా సాబ్?" జరిగాయి అన్నారాయన, దాచకుండా. ఏ కాలంలోనో ఒక తెగతో జరిగిన యుద్ధాన్ని జాతి మొత్తం మీద ఆదేశంగా వాడుకునేవాళ్లు మసీదులో కూర్చుని మాట్లాడినా సరే, వాళ్ల వెనక నడవొద్దన్నారు. అల్బేనియా గురించీ ఆయనే చెప్పారు. ముస్లింలే ఎక్కువగా ఉన్న ఆ చిన్న దేశంలో జనం ఇళ్లల్లో దాచి కాపాడటం వల్ల, రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పటికన్నా ముగిసినప్పుడే అక్కడ యూదులు ఎక్కువగా ఉన్నారు.

నారీమన్ హౌస్ దాడి చేసినవాళ్ల శవాలను తమ శ్మశానంలో పూడ్చడానికి ముంబయి ముస్లిం పెద్దలు ఒప్పుకోలేదన్న సంగతి ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు మరి.

హిట్లర్ అభిమానులు

వీళ్లతో పని వేరు. వీళ్లు యూదులను ద్వేషిస్తున్నామని అనుకోవడం లేదు. పదో తరగతి సోషల్‌లో నాజీల పాఠం చదివారు, బిట్లు రాశారు, మర్చిపోయారు. ఫుట్‌పాత్ మీద హిట్లర్ ఆత్మకథ వ్యక్తిత్వ వికాస పుస్తకాల పక్కనే దొరుకుతుంది. ఇజ్రాయెల్ జెండా కూడా ఇక్కడి ముస్లింల మీద కోపంతో పెట్టుకున్నదే. ఆ కుర్రాణ్ని ఒక్క యూదు పండుగ పేరు చెప్పమంటే చెప్పలేకపోయాడు. అలాంటి అభిమానాన్ని గౌరవమని నేను ఒప్పుకోను.

చరిత్ర లెక్చరర్‌గారు మొదట హిట్లర్ మన గురించి ఏమనుకున్నాడో చెప్పారు. ఇండియా వేరే ఎవరి కిందైనా ఉండేకంటే ఇంగ్లీషువాళ్ల కింద ఉండటమే నయమని ఆ ఆత్మకథలోనే రాశాడు. 1937లో బ్రిటిష్ నాయకుడు హాలిఫాక్స్ కలిసినప్పుడు గాంధీని కాల్చెయ్యమని సలహా ఇచ్చాడు. "బోస్ కలిశాడు కదా సార్" అని ఎవరో అంటారని తెలిసే ఆయన సిద్ధంగా ఉన్నారు. 1942 మే నెలలో కలిశాడు, ఆ పుస్తకంలో భారతీయుల గురించి రాసినదానికి అక్కడే అభ్యంతరం చెప్పాడు. మన నేలలో మూలాలున్న, ఐరోపాలో జిప్సీలని పిలిచే రోమా ప్రజలను కూడా నాజీలు లక్షల్లో చంపారు. యూదులు 60 లక్షలు, అందులో సుమారు 15 లక్షలు పిల్లలు.

వీటికన్నా గట్టిగా తగిలింది విశాఖ సంగతే. 1942 ఏప్రిల్ 6న హిట్లర్ మిత్రదేశం జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఊరు విడిచి పారిపోయారు. ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి వాళ్ల ముసలమ్మను అడిగి వచ్చి చెప్పింది: సామాన్లు బండికెత్తి విజయనగరం వైపు వెళ్లిపోయారట, ఆవుని తీసుకెళ్లలేక వదిలేశారట. స్టేటస్ పెట్టిన కుర్రాడు ఆ అమ్మాయిని ఆవు సంగతి మళ్లీ అడిగాడు, తర్వాత దొరికిందా అని. దొరకలేదట.

ఫార్వర్డ్ వెనక్కి నడవడం

కామర్స్ పిల్లలు కొందరు బ్యాంకుల మెసేజ్‌ని పట్టుకుని వెనక్కి వెళ్లారు. ఎక్కడ మొదలైందో వెతకడం వాళ్లకు సరదాగానే అనిపించింది. అలా వెళ్తూ 1903లో రష్యాలో అచ్చైన ‘ప్రొటోకాల్స్’ అనే కాగితాల దాకా చేరారు. యూదు పెద్దలు రహస్యంగా సమావేశమై ప్రపంచాన్ని లొంగదీసుకునే పథకం వేసినట్టు అందులో ఉంటుంది. 1921లో లండన్ ‘టైమ్స్’ దాని గుట్టు రట్టు చేసింది. 1864లో ఒక ఫ్రెంచి రచయిత మూడో నెపోలియన్ మీద రాసిన వ్యంగ్య పుస్తకం నుంచి ఎత్తేసిన వాక్యాలను పక్కపక్కన వేసి చూపించింది. ఆ ఫ్రెంచి పుస్తకంలో యూదుల ప్రస్తావనే లేదు. అయినా అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తన పత్రికలో ఏళ్ల తరబడి ఆ విషమే పోసి, 1927లో క్షమాపణ చెప్పాడు. అబద్ధమని తేలి వందేళ్లు దాటినా అది తెలుగులో, పసుపురంగు బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్రక్షరాలతో, చివర దండం పెట్టే ఎమోజీతో హాస్టల్ గ్రూపుకి వచ్చింది.

కరోనా సంగతి ఇంకా పాతది. 1348లో ఐరోపాలో ప్లేగు వచ్చినప్పుడు యూదులు బావుల్లో విషం కలిపారన్నారు. ప్లేగుతో యూదులూ చస్తున్నారు కదా అని అప్పటి పోప్ ఆరో క్లెమెంట్ చెప్పినా ఎవరూ వినలేదు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బుర్గ్‌లో వందలమందిని తగలబెట్టారు. ఇటు మన దేశానికి వస్తే, 1897లో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి మొదట తనకే వేసుకున్నవాడు వాల్డెమార్ హాఫ్‌కిన్, ఒడెస్సా నుంచి వచ్చిన యూదుడు. 1902లో పంజాబ్ ములకోవాల్‌లో టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోతే నింద ఆయన మీద పడింది. నిర్దోషి అని తేలడానికి 1907 దాకా పట్టింది. ముంబయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీదిదే.

బావుల్లో విషం మాట విని, గాజా కుర్రాడు తలెత్తి "2020లో మమ్మల్ని అన్నట్టే" అన్నాడు. అందరూ ఆగిపోయారు. తబ్లిగీలు (తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థవాళ్లు) కావాలని కరోనా అంటిస్తున్నారని, పళ్ల మీద ఉమ్ముతున్నారని మెసేజ్‌లు తిరిగిన రోజులు. అప్పుడు వాళ్ల నాన్న తోపుడు బండి మీద పళ్లమ్మేవాడు. నెలల తరబడి తెలిసినవాళ్లే కొనలేదు. విదేశీ తబ్లిగీల మీద పెట్టిన కేసులను కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 2020 ఆగస్టులో అన్నదని ఆ కుర్రాడికి తెలుసు. కానీ తన ఫోన్లో ఉన్న కరోనా మెసేజ్ కూడా అదే అచ్చులో పోసినదని అప్పుడే చూశాడు. ఆ మెసేజ్ పంపిన గ్రూపులో తనే ఖండన రాసి పెట్టాడు. అడ్మిన్ తీసేశాడు. మళ్లీ పెట్టాడు.

ఆ తర్వాత ముంబయి నుంచి మన దేశపు యూదులైన బెనె ఇజ్రాయెల్ సముదాయానికి చెందిన ఒకావిడ వీడియో కాల్‌లో మాట్లాడారు. కొంకణ్ తీరంలో గానుగ నడుపుకుంటూ శనివారం పని మానేసేవాళ్లు కాబట్టి వాళ్లను శనివారం తెలికలవాళ్లని పిలిచేవారట. ఏలీయా ప్రవక్త పేరు మీద అటుకులు, కొబ్బరి, పళ్లు కలిపి మలీదా చేస్తారని చెప్పగానే, పీర్ల పండుగ మలీదా తినే మన పిల్లలు ఎలా చేస్తారో చెప్పమని ఆమెను వదల్లేదు. నేవీ కుటుంబాల పిల్లలకు వైస్ అడ్మిరల్ బెంజమిన్ శాంసన్ కూడా బెనె ఇజ్రాయెలేనని తెలిసింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ అనే యూదు సముదాయం ఉందని, దళిత మూలాలున్న ఆ కుటుంబాలు 1991లో ప్రార్థనామందిరం ఏర్పరచుకున్నాయని నేను చెబితే మొదట నమ్మలేదు. 1938లో గాంధీ యూదులను క్రైస్తవంలో అంటరానివారని రాశాడు. అదే వ్యాసంలో పాలస్తీనా అరబ్బులదని కూడా రాశాడు. ఆ వ్యాసం మీద పిల్లలు రెండు పూటలు వాదించుకున్నారు, ఒకరినొకరు కొట్టుకోకుండా.

ఇప్పుడు ఎక్కడున్నాం

మరుసటి ఏడాది గుడ్ ఫ్రైడే నాటికలో ముక్కులు లేవు. అందరికీ ఒకే రకం బట్టలు కుట్టించారు, పిలాతుకీ సైనికులకీ మాత్రం రోమన్ వేషం. హాస్టల్లో గొడవ మళ్లీ కాలేదు. ఇజ్రాయెల్ డీపీ కుర్రాడు హిట్లర్ స్టేటస్ తీసేశాడుగానీ ముస్లింల గురించి అతని మాట పెద్దగా మారలేదు. అతనితో పని మిగిలే ఉంది. ఒక తండ్రి వచ్చి, ఫీజు కట్టేది చదువుకోవడానికి, ఇలాంటివాటికి కాదని తన కొడుకును మాన్పించేశాడు. ఆయనను ఒప్పించలేకపోయాం.

ఇదే పని వేరే చోట మొదలుపెట్టేవాళ్లకు రెండు మాటలు. చర్చిలతో మాట్లాడాలంటే లెంట్ (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మొదలవకముందే వెళ్లండి. రిహార్సల్స్ మొదలయ్యాక ఎవరూ నాటిక మార్చరు. గాజాలో ఏ వార్త వచ్చిన రోజైనా, అనుకున్న పాఠం పక్కన పెట్టి ముందు దాని గురించి మాట్లాడనివ్వండి. ఈ ఏడాది మేము హైస్కూల్ సోషల్ టీచర్లతో కూర్చుంటున్నాం. నాజీల పాఠం చెప్పే నెలలో పాస్టరుగారు, మౌల్వీ సాబ్ ఇద్దరూ క్లాసుకి వస్తామన్నారు. కొత్తరెడ్డిపాలెం వెళ్లాలన్నది పిల్లల కోరిక. అక్కడి పెద్దలు రమ్మంటేనే, వాళ్లకు వీలైన రోజునే వెళ్దామని చెప్పాను.